మైకు పట్టుకున్నోడికి కెరీర్ ఉండదా?

ముందే చెప్తున్నా, ఇది కాస్త కోపంలో రాస్తున్న టపా. పైగా పొడుగు. టీ తెచ్చుకుని కూర్చోండి.

మొన్న శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్లో మా తెలుగు బ్యాచ్ అంతా ఎప్పట్లాగే ఓ టేబుల్ ఆక్రమించుకుని కూర్చున్నాం. ఆ వారం ఫార్ములా వన్ రేసుంది. మాలో నలుగురికి ఆ పిచ్చి. మాటల్లో నేను ఊరికే అన్నాను, "తెలుగులో కామెంటరీ ఉంటే మా చిన్నాయన కూడా చూసుండేవాడు" అని. అంతే. ఒకడు పకపకా నవ్వి "తెలుగులో ఎఫ్ వన్నా? 'చక్రములు మార్చుచున్నారు' అంటార్రా?" అన్నాడు. ఇంకొకడు "అసలు కామెంటేటర్ ఎందుకు బాస్, ఇంగ్లీష్ ఫీడ్ తీసుకుని ఏఐతో డబ్ చేసి పడేస్తే పోలా, ప్రోటోటైప్ వీకెండ్లో నేనే చేసిస్తా" అన్నాడు. మూడోవాడు, మా అందరికన్నా తెలివైనవాడు, పెరుగన్నం కలుపుకుంటూ తేల్చేశాడు. "కామెంటరీ అంటే ఏముంది, అరవడమే కదా. అదో కెరీరా?"

మొదటి ఇద్దరికీ ఏదో ఒకటి చెప్పాను. మూడోదానికి మాత్రం జవాబు రాలేదు. ఎందుకంటే మా చిన్నాయన ముప్పై ఏళ్ళు చేసింది ఆ పనే.

మా ఊరు కుందూ ఒడ్డున ఉంటుంది. అటు నంద్యాల, ఇటు ప్రొద్దుటూరు, మధ్యలో నల్లరేగడి. పాత జిల్లాల లెక్కలో కర్నూలు, కడప కలిసేచోటు అనుకోండి. (ఊరి పేరు చెప్పను. చెప్తే చిన్నాయన ఎవరో పదిమందికి తెలిసిపోతుంది. ఆయన గురించి నేనిలా రాయడం ఆయనకి నచ్చదు.) ఉద్యోగం బస్సు కండక్టరు. కానీ ఉగాదికో శివరాత్రికో చుట్టుపక్కల ఏ ఊళ్ళో తిరునాళ్ళయినా, బండలాగుడు పోటీలకి మైకు ఆయనదే. తోటి కండక్టర్లతో డ్యూటీ మార్చుకుని, సంచిలో ఓ తువ్వాలు, కాసిని మిరియాలు, పటికబెల్లం, ఒక నోటుబుక్కు వేసుకుని పోయేవాడు. ఇచ్చేది రెండు పూటలా భోజనం, శాలువా, చేతిలో పెట్టినంత డబ్బు. అడిగేవాడు కాదు.

గుంటూరు, ప్రకాశం వాళ్ళకి బండలాగుడు గురించి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం రెండు ముక్కలు. ఒక జత ఒంగోలు ఎడ్లు. కాడికి కట్టిన బండ, టన్ను పైమాటే. రెండువైపులా తాళ్ళు కట్టిన బరి. ఓ గడియారం. ఇచ్చిన టైములో ఎన్ని అడుగులు లాగితే అది ఆ జత లెక్క. ఎడ్ల పళ్ళని బట్టి విభాగాలు: పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆ పైన సీనియర్లు. ఎఫ్ త్రీ, ఎఫ్ టూ, ఎఫ్ వన్ లాగా అన్నమాట :)

(ఎడ్లని హింసించడం కాదా అని అడిగేవాళ్ళకి: అవును, ఆ ప్రశ్న న్యాయమైనదే. చర్నాకోల దెబ్బలు నేనూ చూశాను, తల తిప్పుకున్నాను. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టు మీద, ఎడ్లబండ్ల పందేల మీద ఇచ్చిన తీర్పు అందరికీ తెలిసిందే. 2023లో రాజ్యాంగ ధర్మాసనం తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చట్టాలని సమర్థించిన సంగతీ తెలుసు. ఆ గొడవ ఈ టపాలో తేలేది కాదు. ఇక్కడ నా విషయం ఎడ్లు కాదు, మైకు.)

ఇప్పుడు అసలు సంగతి. బండలాగుడులో రెండు జతలు పక్కపక్కన పరిగెత్తవు. ఒక్కో జత ఒంటరిగా వస్తుంది, లాగుతుంది, పోతుంది. పొద్దున తొమ్మిదింటికి లాగిన జతని తోలుకెళ్ళి చింతచెట్టు కింద కట్టేసుంటారు. మధ్యాహ్నం పన్నెండింటికి ఇంకో జత లాగుతుంటుంది. జనం కళ్ళ ముందు ఉన్నది ఒక్క జతే. మరి పోటీ ఎక్కడుంది? చిన్నాయన నోట్లో ఉంది. "పన్నెండు నిమిషాలు అయిపోయినాయి. ఈ జత లాగింది రెండువేల నలభై అడుగులు. పొద్దున జత ఇదే టైముకు రెండువేల నూరు లాగినాది. అరవై అడుగులు యెనక! కానీ పొద్దున జత ఆన్నుంచే మెత్తబడినాది. ఈ దాపటెద్దు ఇంగా కాడి మీద బరువెయ్యలే, సూడండి." అంతే, జనం లేచి నిలబడతారు. లేని జతని బరిలోకి తెచ్చి, ఉన్న జత పక్కన పరిగెత్తించడం. క్యాలుక్యులేటర్ లేదు, స్క్రీన్ మీద గ్రాఫిక్ లేదు. బస్సులో స్టేజీలూ చిల్లరా లెక్కేసే బుర్రే ఆ పనీ చేసేది.

మనం ఎఫ్ వన్ క్వాలిఫయింగ్ చూస్తున్నప్పుడు సెక్టార్ టైములు ఆకుపచ్చగా, ఊదారంగులో వెలుగుతుంటాయి కదా. ఆ పనే ఇది. చదువుకున్నవాళ్ళు చేస్తే టెలిమెట్రీ, మావాళ్ళు చేస్తే అరుపులు.

సరే, "అదో కెరీరా" అన్న మహానుభావుడి కోసం ఇంకో మైకు మనిషి కథ చెప్తాను. ముర్రే వాకర్. 1923లో బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు, 2021 మార్చి 13న, 97 ఏళ్ళ వయసులో పోయాడు. టీవీలో మోటార్ రేసింగ్ కామెంటరీ అనగానే ఇంగ్లాండులో ముందు గుర్తొచ్చే పేరు ఇప్పటికీ ఆయనదే. వాళ్ళ నాన్న గ్రాహం వాకర్ మోటార్‌సైకిల్ రేసరు, తర్వాత బీబీసీ రేడియో వ్యాఖ్యాత. కొడుకు రెండో ప్రపంచయుద్ధంలో ట్యాంకు దళంలో పనిచేసి, బయటికొచ్చి అడ్వర్టైజింగ్‌లో చేరాడు.

ఈయన మొదటిసారి జనం ముందు మైకు పట్టుకున్నది ఎక్కడో తెలుసా? టీవీలో కాదు, రేడియోలో కూడా కాదు. 1948లో షెల్స్‌లీ వాల్ష్ అనే చోట. అక్కడ వెయ్యి గజాల కొండదారి ఉంది. కార్లు కొండెక్కే పోటీ, 1905 నుంచి జరుగుతోంది. ఒక్కో కారు ఒంటరిగా వస్తుంది, గడియారంతో పోటీ పడి పైకెక్కుతుంది, పోతుంది. తర్వాత ఇంకో కారు. అంటే ఏమిటండీ అది? ఎడ్లు లేని బండలాగుడు! అక్కడ లౌడ్‌స్పీకర్లో మాట్లాడే మనిషి అవసరమైతే ఈయన మైకు అందుకున్నాడు. మరుసటి ఏడాది, 1949లో, సిల్వర్‌స్టోన్‌లో బ్రిటిష్ గ్రాండ్ ప్రీకి బీబీసీ తీసుకుంది.

ఇక స్టార్ అయిపోయాడనుకుంటున్నారా? బీబీసీ ఫార్ములా వన్‌ని సీజన్ మొత్తం చూపించడం మొదలెట్టి ఈయన్ని కూర్చోబెట్టింది 1978లో. నడుమ ఇరవై తొమ్మిదేళ్ళు. ఆ ఇరవై తొమ్మిదేళ్ళూ సోమవారం నుంచి శుక్రవారం దాకా అడ్వర్టైజింగ్ ఆఫీసు. వారాంతం వస్తే మోటార్‌సైకిళ్ళు, బురదలో మోటోక్రాస్, ర్యాలీక్రాస్, ఏది దొరికితే దానికి మైకు. అడ్వర్టైజింగ్ ఉద్యోగం నుంచి రిటైర్ అయింది 1982లో, 59 ఏళ్ళకి. మా చిన్నాయన కండక్టరుగా రిటైరైన వయసూ ఇంచుమించు అదే. తేడా ఏంటంటే, అక్కడితో ముర్రే వాకర్ అసలు కెరీర్ మొదలైంది. 1996 దాకా బీబీసీ, 1997 నుంచి ఐటీవీ, 2001 సెప్టెంబర్లో ఇండియానాపొలిస్‌లో చివరి రేసు. అప్పటికి ఆయనకి 77 నిండి 78 వస్తున్నాయి. వీడ్కోలు కానుకగా ఆ ట్రాక్ పాత ఇటుకల్లోంచి ఒక ఇటుక తీసి ఇచ్చారు. (మాకు బండ, వాళ్ళకి ఇటుక.)

ప్యాంటుకి నిప్పంటుకున్నవాడిలా మాట్లాడతాడని ఆయన్ని వెక్కిరించేవాళ్ళు. తప్పులూ బాగానే చేసేవాడు. ఫలానా కారు అని గట్టిగా చెప్పి, మరుక్షణం "కాదు, పొరబడ్డాను" అనేవాడు, అంతే గట్టిగా. జనం ఆ తప్పుల్ని పోగేసి దాచుకున్నారు. నాకు ఇక్కడే ఆయన మీద గౌరవం. మనమైతే ప్రొడక్షన్లో బగ్ వస్తే మూడు మీటింగులు పెట్టి రూట్ కాజ్‌ని నెట్‌వర్క్ టీమ్ మీదకి తోస్తాం. ఆయన లక్షలమంది వింటుండగా, అదే ఊపిరిలో తప్పు ఒప్పుకునేవాడు.

అరవడం అన్నారు కదా. అరిచే ముందు చేసే పని చూడాలి. రేసుకి ముందు వాకర్ గ్యారేజీల చుట్టూ తిరిగి డ్రైవర్లతో, మెకానిక్‌లతో మాట్లాడి చేత్తో నోట్సు రాసుకునేవాడు. చిన్నాయన ముందురోజు రాత్రే పోయేవాడు. ఎడ్లని కట్టేసిన చోట, లాంతరు పక్కన గొంతుక్కూర్చుని, పల్నాడు నుంచి ఒకరు, గద్వాల నుంచి ఒకరు వచ్చుంటే ఒక్కొక్కర్నీ అడిగేవాడు. వలపటెద్దు ఏ సంతలో కొన్నారు, ఎన్నేళ్ళు, ఉలవలు ఎన్ని పెడుతున్నారు, కిందటేడు యాడ గెలిచింది, కాలికేమన్నా తగిలిందా. అన్నీ నోటుబుక్కులో. ఆ బుక్కులు ఇంకా ఉన్నాయి మా ఇంట్లో, పద్దెనిమిదో పంతొమ్మిదో. బస్సు టికెట్ల వెనక రాసుకున్న లెక్కలు కూడా మధ్యమధ్యలో అంటించి ఉంటాయి. ఒక్క పోటీలో ఆ నోట్సులో పదోవంతు కూడా మైకులోకి వచ్చేది కాదు. మిగతా తొమ్మిదొంతులు ఎందుకు అని అడిగితే, "ఎద్దు నిల్చిపోతే ఏం మాట్లాడతావురా?" అనేవాడు.

ఆయనకి ఒకసారి ఫోన్లో 1996 సుజుకా క్లిప్ చూపించాను. డేమన్ హిల్ వరల్డ్ ఛాంపియన్ అయిన రేసు. గీత దాటగానే వాకర్, గొంతులో ఏదో అడ్డం పడింది, ఇక ఆపాలి అన్న అర్థంలో ఒక్క మాట అని ఆగిపోతాడు. చిన్నాయనకి ఇంగ్లీష్ రాదు. రెండోసారి పెట్టమన్నాడు. విని, "ఆయప్పకు ఆ పిల్లోడు బాగా తెల్సినట్టుండాదే" అన్నాడు. నేను చెప్పాను: ఆ అబ్బాయి వాళ్ళ నాన్న గ్రాహం హిల్ కూడా రేసరే, 1962లోనూ 1968లోనూ ఛాంపియన్, 1975లో విమానం కూలి చనిపోయాడు, ఈ ముసలాయన ఇద్దర్నీ ఎరుగుదును అని. చిన్నాయన తలూపాడు. "అదీ. ఎద్దునొక్కదాన్నే సూస్తే సాలదబ్బీ. దాని తల్లిని సూసుండాల."

ఇక ఏఐతో డబ్ చేస్తానన్న మిత్రుడి సంగతి. నేనూ ఆ తిండే తింటున్నాను కాబట్టి ఆ పని చేతకాదని అనను. పదాలు మారతాయి, గొంతు వస్తుంది, ఈపాటికి మావాడు సగం చేసేసి కూడా ఉంటాడు. కానీ ఒకటి గుర్తుచేస్తాను. కర్నూల్లో ఇంజనీరింగ్ చదివేటప్పుడు హాస్టల్లో పైరేటెడ్ సీడీ మీద 'ఫార్ములా వన్ 97' గేమ్ ఆడేవాళ్ళం. నాకు ముర్రే వాకర్ గొంతు మొదట పరిచయమైంది దాంట్లోనే. పక్కన మార్టిన్ బ్రండిల్. ముందే రికార్డు చేసిన ముక్కల్ని గేమ్ అతికించి వినిపించేది. మొదటి రోజు ఒళ్ళు పులకరించింది. పదో రోజుకి ఆ గొంతుకి నేను ఆడుతున్న రేసుతో ఏ సంబంధమూ లేదని తెలిసిపోయింది. సౌండ్ తీసేసి పాటలు పెట్టుకునేవాళ్ళం. గొంతు అదే, మాటలవే, మనిషే అక్కడ లేడు.

మనిషి ఎందుకు కావాలంటే... 1994 మే 1, ఇమోలా. ఏడో ల్యాప్‌లో ఐర్టన్ సెన్నా కారు గోడని కొట్టింది. బీబీసీలో లైవ్‌లో మాట్లాడుతున్నది వాకర్. ఇటలీ టీవీ పంపే బొమ్మలు సెన్నా చుట్టూ వైద్యులు చేస్తున్నదాన్ని చూపిస్తూనే ఉన్నాయి. బీబీసీ ఆ బొమ్మల మీద నుంచి పక్కకి జరిగి పిట్ లేన్లో ఉన్న తన కెమెరాకి మారింది. ఈయన మాట్లాడాలి. ఏం చెప్పాలి? తెలియనిది చెప్పకూడదు. తెలిసినంతలో కూడా అంతా చెప్పకూడదు, ఆ అబ్బాయి ఇంట్లోవాళ్ళు కూడా వింటుండొచ్చు. ఆగిపోనూ కూడదు. ఆ నిమిషాల గురించి ఆయన తర్వాత చాలాసార్లు బాధగా చెప్పుకున్నాడు. అప్పటికి ఆయన మైకు వయసు నలభై ఆరేళ్ళు. ఆ నలభై ఆరేళ్ళు కలిసి ఆ కొద్ది నిమిషాలు మాట్లాడాయి.

నేను అలాంటిది ఒక్కసారి నా కళ్ళతో చూశాను. నాకు పదకొండేళ్ళుంటాయి. ఓ జత బెదిరి తాళ్ళు తెంచుకుని జనంలోకి వచ్చేసింది. నా వయసు పిల్లాడే ఒకడు కింద పడ్డాడు. దుమ్ములో ఏమీ కనపడ్డంలేదు. ఆడవాళ్ళ కేకలు. మైకులో చిన్నాయన గొంతు మాత్రం అంతకుముందు అడుగులు లెక్కపెట్టిన గొంతే, ఒక్క పిసరు పెరగలేదు, తగ్గలేదు. "పడమటి పక్కోళ్ళు రెండడుగులు యెనక్కి. ఎవురూ పరిగెత్తద్దు. పిల్లోని కాడికి ఇద్దరే పోండి. మిగతావాళ్ళు కూర్చోండి. ఎడ్లు నిల్చినాయి, పట్టుకున్నారు. కూర్చోండి." జనం కూర్చున్నారు! మూడు నాలుగు వేలమంది. పిల్లాడికి చెయ్యి విరిగింది, బతికాడు. ఆ రాత్రి ఇంటికొచ్చి చిన్నాయన అన్నం తినలేదు. చేతులు వణుకుతున్నాయని జేజి పాలగ్లాసు తనే పట్టి తాగించింది. ఆ వణుకు మైకులోకి రాకుండా ఎలా పట్టుకున్నాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. డబ్బింగ్ సాఫ్ట్‌వేర్‌కి ఆ వణుకు ఉండదు, కాబట్టి పట్టుకోవాల్సిన పనీ ఉండదు. జనం కూర్చుంటారా అన్నదే నా అనుమానం.

ఇప్పుడు 'చక్రములు మార్చుచున్నారు' గాడి దగ్గరికొస్తాను. వీడిది మనందరి జబ్బు. తెలుగు అనగానే రెండే గుర్తొస్తాయి మనకి, పాఠ్యపుస్తకం లేదా సినిమా. మధ్యలో ఉన్న ఎనిమిదిన్నర కోట్లమంది నోళ్ళలో తెలుగు గుర్తు రాదు. మా చిన్నాయన మైకులో "రౌండు", "టైము", "సెకన్లు" అన్నీ వాడేవాడు, పక్కనే కాడి, పలుపు, దాపట, వలపట. ఏది ఎవరి మాట అని ఆయనకి పట్టింపు లేదు, విన్నవాళ్ళకీ లేదు. ఎఫ్ వన్‌లో అండర్‌కట్ అంటాం కదా, అది ఆయనకి నేను చెప్పిన మర్నాడు ఆయన నాకు తిరిగి చెప్పింది ఇది:

"ముందర బండి టైర్లు అరిగిపోయినాయి. యెనకున్నోడికి తెల్సు, కానీ దాటేదానికి సందు లేదు. ఏం చేసినాడు? వానికంటే ముందే పక్కకు పోయి కొత్త టైర్లు ఏసుకున్న్యాడు. ఇప్పుడు దోవంతా ఖాళీ, టైర్లు కొత్తవి, తోల్తాండాడు! ముందరోడు ఇంగా పాత టైర్లతోనే రౌండు తిరగాల. తిరిగి, పక్కకు పోయి, మార్చుకోని బయటికొచ్చేసరికి... ఎవురబ్బా ముందర?"

ఇంతకన్నా బాగా ఏ ఇంగ్లీష్ చానల్లో చెప్పారో ఎవరైనా చూపించండి. తెలుగుకి వ్యాఖ్యానం కొత్తా? భద్రాచలం సీతారాముల కల్యాణాన్ని రేడియోలో ఉషశ్రీ గారు చెప్తుంటే ఇళ్ళలో పనులాపి విన్నవాళ్ళు మన అమ్మానాన్నలే. తాళిబొట్టు కనపడకపోయినా కనిపించేది. కనపడనిదాన్ని చూపించడమే కదా ఈ పని.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుసేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. 2.83 కిలోమీటర్ల వీధి ట్రాక్. మనూళ్ళో, మన రోడ్ల మీద, ప్రపంచ ఛాంపియన్‌షిప్ రేసు. మన తెలుగు న్యూస్ చానళ్ళలో నేను చూసినంతలో ఏముంది? ట్రాఫిక్ ఎటు మళ్ళించారు, ఏ సినిమావాళ్ళొచ్చారు, ఎవరు ఏ కళ్ళజోడు పెట్టుకున్నారు. అసలు రేసేమో అద్భుతం. జాగ్వార్ టీమ్‌లో ఒకడు తన టీమ్ కారునే గుద్దేశాడు. చివరి ల్యాపుల్లో ముందున్న జాన్ ఎరిక్ వెర్న్ దగ్గర బ్యాటరీ ఎనర్జీ వెనకున్న నిక్ కేసిడీ కన్నా తక్కువ. అయినా ప్రతి మలుపులోనూ అడ్డం పడుతూ, పొదుపు చేసుకుంటూ, అర సెకను కూడా తేడా లేకుండా గెలిచాడు. ఎనర్జీ అంటే ఏమిటి? దమ్ము. పన్నెండో నిమిషంలో దమ్మంతా పోగొట్టుకున్న జత ఇరవయ్యో నిమిషంలో ఏమవుతుందో, కాడి మీద బరువెయ్యకుండా దాచుకున్న దాపటెద్దు ఏం చేస్తుందో మా జిల్లాల్లో ఎనిమిదేళ్ళ పిల్లాడికి తెలుసు. ఆ రేసుని తెలుగువాడికి అర్థమయ్యేలా చెప్పగలిగినవాళ్ళు రాష్ట్రం నిండా తిరునాళ్ళలో ఉన్నారు. వాళ్ళని ఎవరూ పిలవలేదు. పిలవాలన్న ఆలోచన కూడా ఎవరికీ వచ్చుండదు. మరుసటేడు ఆ రేసే రద్దయింది, అది వేరే గొడవ.

వాళ్ళ దగ్గర నిచ్చెన ఉంది. కొండదారిలో లౌడ్‌స్పీకర్ మొదటి మెట్టు. తర్వాత రేడియో, బురద రేసులు, టీవీ. ఒక్కో మెట్టు దగ్గరా ఎవరో ఒకరు ఇతను పనికొస్తాడని చెయ్యిచ్చి లాగారు. మన దగ్గర మొదటి మెట్టు ఉంది, చాలా గట్టి మెట్టు, దానిపైన మాత్రం గాలి. 2018లో ఐపీఎల్‌కి తెలుగు కామెంటరీ వచ్చినప్పుడు నేను నిజంగా సంబరపడ్డాను. ఇప్పుడు వింటుంటే ఓవర్‌కో సినిమా డైలాగు. మాజీ ఆటగాళ్ళ అనుభవం విలువైనదే, కాదనను. కానీ బంతిని మాటల్లో పట్టుకోవడం వేరే విద్య, అది తెలిసినవాడొకడు పక్కనుండాలి. 1980 నుంచి బీబీసీలో వాకర్ పక్కన కూర్చున్న జేమ్స్ హంట్ 1976 ప్రపంచ ఛాంపియన్. ఇద్దరికీ ఒకటే మైకు ఇచ్చేవారు, ఒకరి మీద ఒకరు పడి మాట్లాడకూడదని. మొదట్లో ఇద్దరికీ పడేది కాదు. అయినా 1993లో హంట్ చనిపోయేదాకా ఆ జత కొనసాగింది. రేసు నడిపినవాడు ఒకడు, రేసు చెప్పేవాడు ఇంకొకడు. దాపట, వలపట. మనం రెండో ఎద్దు అక్కర్లేదనుకున్నాం.

మార్కెట్ లేదంటారా? తెలుగులో ఎఫ్ వన్‌కి ఇవాళ లేదు, ఒప్పుకుంటాను. కానీ యూట్యూబ్‌లో బండలాగుడు లైవ్‌లు వెతికి చూడండి, కింద వ్యూస్ ఎన్నున్నాయో. గల్ఫ్‌లోంచి, అమెరికాలోంచి కామెంట్లు పెడుతున్నది ఎవరు? మనమే కదా. రాత్రి రెండింటికి కాల్ మ్యూట్‌లో పెట్టి చూసేదీ మనమే, పొద్దున క్యాంటీన్లో "అదో కెరీరా" అనేదీ మనమే. ఏ యాప్‌లో భాషల జాబితా వచ్చినా ఇంగ్లీష్ నొక్కేసి, తెలుగుకి డిమాండ్ లేదని డేటా చూపించేదీ, ఆ డ్యాష్‌బోర్డు కట్టేదీ కూడా మనమే.

కిందటి ఉగాదికి ఊరెళ్ళాను. చిన్నాయన గొంతు పోయి నాలుగేళ్ళయింది. డాక్టరు ఇక గట్టిగా మాట్లాడొద్దన్నాడు. మాట్లాడితే గాలి ఎక్కువ, శబ్దం తక్కువ వస్తుంది. కమిటీవాళ్ళు ఈసారి సిటీ నుంచి ఈవెంట్ యాంకర్‌ని పిలిపించారు. కుర్రాడు మంచివాడే, నీళ్ళడిగితే తెచ్చిచ్చాడు నాకు. కానీ ఎడ్లు లాగుతుంటే "హలో ఫ్రెండ్స్, చప్పట్లు వినపడట్లేదు" అంటాడు. మధ్యలో ఓ పంచ్ డైలాగు. ముందు జత సగం టైముకి ఎన్ని అడుగుల్లో ఉందో అతనికి తెలీదు, తెలుసుకోవాలనీ తెలీదు. పదినిమిషాలకి జనం ఫోన్లు తీశారు.

చిన్నాయన బరికి దూరంగా, రచ్చబండ మీద కూర్చున్నాడు. తొడ మీద నోటుబుక్కు, చేతిలో వాచీ. పెదాలు కదులుతున్నాయి. పక్కన మా పెద్దనాన్న మనవడు, తొమ్మిదో తరగతి, చెవి ఆనించి వింటున్నాడు. వాడు విన్నది విన్నట్టు అరవడం మొదలెట్టాడు. "పదమూడు నిమిషాలు! పద్దెనిమిది వందల డెబ్బై! ముప్పై అడుగులు ముందర!" ముందు నలుగురు ముసలాళ్ళు ఇటు తిరిగారు. తర్వాత పదిమంది. కాసేపటికి రచ్చబండ చుట్టూ నిలబడేదానికి చోటు లేదు, సగంమందికి ఎడ్లు కనపడ్డంలేదు కూడా. పిల్లాడు ఒకచోట అంకె తప్పు చెప్పాడు. చిన్నాయన వాడి మోకాలి మీద వేలితో తట్టాడు. వాడు గుక్క తిప్పుకుని, "కాదు కాదు, తప్పు చెప్పినా, ఇరవై అడుగులే!" అని అంతకన్నా గట్టిగా అరిచాడు.